తమ్ముడు తెచ్చిన క్రాంకు

బండి మొరాయించి నా దగ్గరికి వచ్చిన మనిషి మీద నాకు ఎప్పుడూ కోపం రాదు. అతని వెంట వచ్చేవాడి మీద వస్తుంది. బండి గలవాడు దిగులుతో ఉంటాడు, అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకుంటాడు. వెంట వచ్చినవాడికి దిగులూ ఉండదు, పనీ ఉండదు. కాబట్టి స్టూలు లాక్కుని నా మోచేతి పక్కనే కూర్చుంటాడు. నేను ఒక బోల్టు మీద పానా పెడితే "అది కాదేమో అన్నా" అంటాడు. నంద్యాలలో ఇంజన్ల షాపు తెరిచినప్పటి నుంచి ఈ జాతిని చూస్తూనే ఉన్నాను. వీళ్ళలో ఒక్కడికి కూడా తన సైకిలుకు తాను గాలి కొట్టుకోవడం రాదు.

నాది ఎక్కువగా టూ స్ట్రోక్ పని. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసుకునే పాతరకం ఇంజన్లు, వెనకాల నీలం పొగ వదులుతాయే, అవి. ఊళ్ళో వాటిని తాకేవాళ్ళు తగ్గిపోయారు కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అన్నీ నా దగ్గరికే వస్తాయి. ఆళ్ళగడ్డ పక్క పల్లె నుంచి వచ్చే రైతు ఒకాయన నాకు బాగా పాత గిరాకీ. వయసులో నాకన్నా పెద్ద. ట్రాక్టరు తిరగబడి ఆయనకు కుడికాలు మోకాలి కింద పోయింది. పెట్టుడు కాలుతో, చేతికర్రతో సిమెంటు రోడ్డు మీద బాగానే నడుస్తాడు. కానీ ఆయనది నల్లరేగడి చేను. నాలుగు చినుకులు పడితే ఆ మన్ను రెండు కాళ్ళూ ఉన్నవాడి చెప్పులనే పీక్కుంటుంది. ఆయన కర్ర దిగితే మళ్ళీ పైకి రాదు.

అందుకే లావు టైర్లున్న నాలుగు చక్రాల బండి ఒకటి కొన్నాడు. ఎక్కడో సముద్రపు ఒడ్డున టూరిస్టులను తిప్పి తిప్పి అరిగిపోయిన బండి. దాన్ని ఏటీవీ అంటారని అమ్మినవాడు చెప్పాడట. పల్లెలో దాని వాలకం చూసి కప్ప అన్నారు. పెద్దాయన కూడా కప్ప అనే అనేవాడు. బ్రేకు చేతికి వచ్చేట్టు నేనే మార్చి ఇచ్చాను. బురద అయినా, వాగూ వంకా అయినా, దాని మీద కూర్చుంటే ఆయనకు కాలు పోయిన సంగతే గుర్తుండేది కాదు.

ఆయన చేనికి ఆనుకుని సొంత తమ్ముడి చేను. మధ్యన గట్టు. అన్న ఆసుపత్రిలో పడి ఉన్న సంవత్సరం ఆ గట్టు అన్న వైపుకు రెండు సాళ్ళు జరిగింది. వానకు కొట్టుకుపోతే మళ్ళీ వేయించానని తమ్ముడు చెప్పాడు. పెద్దమనుషులు వచ్చారు, చూశారు, కాఫీలు తాగారు, అన్నదమ్ములు సర్దుకోండి అని చెప్పి లేచిపోయారు. వెన్నెముక ఉండాల్సినచోట ఉతికిన తుండుగుడ్డ వేసుకునే మనుషులు. ఆ తర్వాత కప్ప వచ్చింది. విత్తే అదునులో పెద్దాయన రోజూ దాని మీద వెళ్ళి గట్టు దగ్గర కూర్చునేవాడు. గట్టు ఉన్నచోటే ఉండేది.

ఒకరోజు ఆయన ఫోన్ చేశాడు.

"అప్పా, కప్ప పండుకునింది. లోపల టకటకమని ఒకటే కొట్టుకుంటాంది. ఈడ మెకానిక్కు ఇప్పి సుత్తితో కొడ్తాండాడు. నాకు భయమైతాంది."

"అన్నా, ముందు వాని చేతిలో సుత్తి తీసేయ్," అన్నాను. "ఇంజను దించి నాకు పంపు."

"పంపుతా. శెనగ విత్తేలోపల నాకు బండి కావాల. నేను చేన్లో ల్యాకపోతే ఆ గట్టు యాడుంటాదో నాకు తెల్దు. ఈసారి పోతే మళ్ళా రాదప్పా."

ఇంజను వచ్చింది. ట్రాలీ ఆటోలో దాని పక్కనే, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తమ్ముడు కూడా వచ్చాడు. దిగుతూనే నా భుజం మీద చెయ్యి వేశాడు. నాకు చెమట చేతులు భుజాన పడితే గిట్టదు.

"అన్నకు కాలు ల్యాదు గదప్పా. అన్నీ నేనే చూసుకోవాల. నా కర్మ," అన్నాడు.

ఎవరి గట్టు ఎవడు జరిపాడో నాకు తెలుసు. నాకు తెలుసని వాడికీ తెలుసు. అయినా కళ్ళలోకి చూసి అంత మాట అన్నాడంటే వాడిది మొహమా, రేకు డబ్బా మూతా అనిపించింది. ఇంజను విప్పాను. రాడ్డు కింది బేరింగు పొడిపొడి అయిపోయి ఉంది. ఆళ్ళగడ్డ మెకానిక్కు సుత్తి దెబ్బలకు క్రాంకు వంకర తిరిగింది. దాన్ని బాగుచేసే మాట లేదు. కొత్త క్రాంకు కావాలి. ఆ బండి తయారీ ఆగిపోయి ఎన్నో ఏళ్ళయింది, అసలు సామాను దొరకదు. ఎక్కడైనా దొరుకుతుందేమో ఆన్‌లైనులో వెతకాలని పెద్దాయనతో ఫోన్లో చెప్పాను. ఆయనకు ఫోను చూడటం అంతగా రాదు. "మావాడు చూస్తాడులేప్పా" అన్నాడు. మావాడంటే తమ్ముడే.

తమ్ముడు తెప్పించాడు. థర్మోకోల్ పెట్టెలో, ప్లాస్టిక్కు చుట్టుకుని, తళతళలాడుతూ వచ్చింది. కొలిచి చూశాను. మళ్ళీ కొలిచాను.

"ఇది దాని క్రాంకు కాదే," అన్నాను.

"దాని కన్నా పెద్దది. స్ట్రోకర్ అంటారంట. పవరు ఇంకా ఎక్కువ. నీకు తెల్దా?"

క్రాంకు అంటే తెలియనివాళ్ళకు ఒక్క మాట చెబుతాను. పిస్టను సిలిండరులో పైకీ కిందికీ ఆడుతుంది. ఆ ఆటను గుండ్రటి తిరుగుడుగా మార్చే ఇరుసే క్రాంకు. దాని మధ్యలో పక్కకు తోసిన పిన్ను ఒకటి ఉంటుంది, పిస్టను నుంచి దిగే రాడ్డు దాన్నే పట్టుకుని ఉంటుంది. ఆ పిన్ను నడిమి నుంచి ఎంత దూరంగా ఉంటే పిస్టను అంత ఎక్కువ ఎగురుతుంది. బండ్ల పందేలవాళ్ళు ఆ పిన్నును కావాలనే ఇంకా బయటికి జరిపించుకుంటారు. దాన్నే స్ట్రోకర్ అంటారు. తమ్ముడు తెచ్చినదాంట్లో రెండు మిల్లీమీటర్లు జరిపి ఉంది. అంటే పిస్టను పైకి రెండు, కిందికి రెండు ఎక్కువ పోతుంది. రెండు మిల్లీమీటర్లంటే ఏముంది, చూపుకు కూడా ఆనదు. అట్లాగే బిగిస్తే మాత్రం మొదటి కిక్కుకే పిస్టను పోయి హెడ్డును గుద్దుకుంటుంది, ఇంజను ముక్కలై డబ్బాలో వాపసు వస్తుంది.

"వాపసు పంపి వేరేది తెప్పించరాదా?" అన్నాను.

"ఇంకోటి వచ్చేకి శెనగ పూతకొస్తాది. ఎయ్యప్పా, ఇదే ఎయ్యి. బేగా అయిపోతాది."

వాడు అది తెలిసి తెచ్చాడా తెలియక తెచ్చాడా అని ఆ తర్వాత చాలామంది నన్ను అడిగారు. ఇంజను గురించి వాడికి ఈగ తలంత కూడా తెలియదు, కాబట్టి తెలియకే తెచ్చి ఉంటాడు. కానీ అది సరిపోదని తెలిసిన క్షణాన వాడి మొహంలో వెలిగిన సంతోషం మాత్రం నేను చూశాను. అన్న బండి ఆలస్యమవుతుందంటే సంతోషపడే తమ్ముణ్ణి ఏమనాలో నాకు తెలిసిన మాటలు అచ్చులో వేయదగినవి కావు.

నాకు మొండితనం పుట్టింది. ఇదే క్రాంకు వేస్తాను, నువ్వు అనుకున్నదాని కన్నా ముందే వేస్తాను అనుకున్నాను. సిలిండరు కింద రెండు మిల్లీమీటర్ల మందం అల్యూమినియం పళ్ళెం ఒకటి పెట్టి సిలిండరునే పైకి లేపాలి. అప్పుడు పిస్టను హెడ్డుకు తగలదు. రాడ్డు కూడా కింద పెద్ద చుట్టు తిరుగుతుంది కాబట్టి, క్రాంకును రెండు పక్కలా మోసే అల్యూమినియం చిప్పల లోపలి గోడలను అది తగిలేచోట అరగదీయాలి. రెండూ నా చేతిలోని పనులే.

మా షాపు ముందర టీ బంకు ఉంది. అక్కడ పొద్దున్నే చేరేవాళ్ళంతా ఫోన్లో వీడియోలు చూసి ఇంజనీర్లయినవాళ్ళు. ఒకడు ప్యాకింగు రెండేసి పెడితే చాలు అన్నాడు. ఇంకొకడు పిస్టను నెత్తి కొంచెం రాసేయమన్నాడు. నెత్తి రాయాల్సింది పిస్టనుది కాదు నాయనా అని నేను చెబితే అందరూ నవ్వారు, వాడు కూడా నవ్వాడు. తనను అన్నానని తెలిస్తే కదా!

పళ్ళెం లేత్ మీద తీయించుకున్నాను. దాన్ని రెండు వైపులా చదునుగా రుద్దుకోవాలి, లేకపోతే సందుల్లో గాలి పీలుస్తుంది. దానికి నా దగ్గర మందపాటి అద్దం పలక ఉంది. మీద ఎమరీ కాగితం పరిచి, పళ్ళెం బోర్లించి, మెల్లగా చుట్టూ తిప్పుతూ రుద్దుతాను. ఆ పనిలో ఉండగా తమ్ముడు బేతంచెర్ల నాపరాయి పలక ఒకటి మోయించుకుని వచ్చాడు. వాళ్ళ కొత్త ఇంటికి పరవగా మిగిలిందట.

"ఆ అద్దం ముక్క ఏందప్పా. దీనిమీద రుద్దు. పాలీషు పట్టించింది, మొగం కనపడతాది చూడు," అన్నాడు.

"మెరిసేదంతా చదునుగా ఉంటే నీ బుగ్గ మీదే రుద్దుకుందును గదప్పా. గమ్మున కూచో," అన్నాను.

కూర్చోలేదు. స్కేలు ఒకటి తెచ్చి రాయి మీద నిలబెట్టి చూపించాను. కింద వెలుతురు పోతోంది. "రాయిలో తప్పు ల్యాదు, నీ స్కేలు వంకర," అన్నాడు. అదే స్కేలును అద్దం మీద పెట్టి చూపించాను. ఫోన్ వచ్చినట్టు చెవికి పెట్టుకుని బయటికి పోయాడు. ఫోన్ మోగలేదు.

చిప్పల గోడలు అరగదీశాను. క్రాంకును రెండు మొనల మీద ఆనించి, వంకర ఉంటే ఊగి చెప్పే డయల్ గేజ్ ముల్లు పెట్టి తిప్పి చూశాను. ఎంత కొత్తదైనా దారిలో ఎక్కడో దెబ్బ తినే ఉంటుంది. ఇత్తడి సుత్తితో ఇక్కడొకటి అక్కడొకటి తట్టి ముల్లు నిలకడగా నిలబడేదాకా సరిచేశాను. కడిగి, గుడ్డ పరిచి, బల్ల మీద పెట్టాను. ఇక బిగించడమే. దానికి క్రాంకును గడ్డకట్టేంత చల్లగా చేయాలి, చిప్పలను కాల్చాలి. చల్లబడ్డది రవ్వంత ముడుచుకుంటుంది, కాలింది రవ్వంత విచ్చుకుంటుంది, ఒకదాంట్లో ఒకటి సుత్తి దెబ్బ లేకుండా జారి కూర్చుంటుంది. పక్కవీధి సోడాల షాపులో ఐసు పెట్టె ఉంది. అందులో చోటు అడగడానికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి షాపు గడపలో రెండు జతల చెప్పులు ఉన్నాయి. లోపల తమ్ముడు, పక్కన పెద్దాయన భార్య. ఆమె చేతిలో హారతి పళ్ళెం. బల్ల మీద నా క్రాంకు నిలువెల్లా తడిపసుపు పూసుకుని, కుంకుమ బొట్లు పెట్టుకుని, నెత్తిన చామంతి పువ్వుతో కూర్చుని ఉంది. పసుపునీళ్ళు రాడ్డు మీదుగా కారి, బేరింగు సందులోకి దిగుతున్నాయి. ఆమె కర్పూరం వెలిగించబోతోంది. పక్కనే మూతలేని పెట్రోలు డబ్బా.

నేను ఎట్లా అరిచానో నాకు తెలియదు. టీ బంకు మొత్తం లేచి వచ్చింది. అగ్గిపెట్టె లాక్కున్నాను.

"అక్కా, ఏం చేస్తాండావ్? అది దేవుని రాయి కాదు! దాంట్లో సూదులంత సన్నని బేరింగు ఉంటాది. ఆ పసుపు లోపలికి పోతే బండి మళ్ళా అదే టకటక!"

మా ఊళ్ళలో కొత్త వస్తువు వస్తే పసుపు తగలకుండా ఉండదు. ఫ్రిజ్జుకు పెడతారు, బోరు మోటారుకు పెడతారు. కొత్త లారీ ముందర నిమ్మకాయలు తొక్కిస్తారు. మావాళ్ళు ఆదివారం ప్రార్థనకు పోయేవాళ్ళే, వాళ్ళూ తక్కువ తినలేదు, బండి కొన్నరోజే వాక్యం స్టిక్కరు అంటిస్తారు. కానీ స్టిక్కరు ట్యాంకు బయట ఉంటుంది. ఇంజను గుండెకాయకు బొట్టు పెట్టినవాళ్ళను నేను అదే మొదలు చూడటం.

ఆమె బెదరలేదు. పళ్ళెం బల్ల మీద పెట్టి, నా వైపు సూటిగా చూసింది.

"ఆయనకు అదే గదప్పా కాలు," అంది. "కాలుకు పసుపు రాస్తి. నాకేం తెల్సు లోపల సూదులుంటాయని?"

అగ్గిపెట్టె జేబులో వేసుకుని, "ఎవరు పెట్టమన్యారక్కా?" అని అడిగాను.

"మా మరిదే. కొత్త వస్తువు, బిగించకముందే ఇల్లాలి చెయ్యి పడాల, ల్యాకపోతే అచ్చిరాదు అన్యాడు. కారు మాట్లాడి పిలచకొచ్చినాడు."

మరిది ఫోన్లో ఏదో గీకుతున్నాడు. బిగించకముందే పడాలట! బిగించిన తర్వాత అయితే పసుపు పైపైనే ఉంటుంది, కడుక్కుని పోవచ్చు. వాడికి ఆ బుద్ధి ఎవరిచ్చారో నాకు తెలియదు. ఎందుకూ పనికిరాడనుకున్న మనిషికి చెడు చేయడంలో ఇంత తెలివి ఉండటం చూసి నాకు అసహ్యం వేసింది. ఇంజను చెడితే మళ్ళీ బాగుచేస్తాను. వదిన భక్తిని తీసుకుని, అన్న కాలు విరగ్గొట్టడానికి వాడుకున్నవాణ్ణి ఏ పానాతో సరిచేయాలి?

"దిగు," అన్నాను వాడితో. "నా షాపు మెట్లు దిగు. మళ్ళా ఎక్కాకు."

"మంచికి పోతే ఇట్లనే ఉంటాది," అని గొణుక్కుంటూ పోయాడు. వదినను అక్కడే వదిలేసి కారులో ఒక్కడే పోయాడు. ఆమెను నేనే ఆళ్ళగడ్డ బస్సు ఎక్కించి వచ్చాను.

కడిగితే పోయే పసుపు కాదు అది. కిరసనాయిలుతో కడిగాను, గాలి కొట్టాను, వేలితో తిప్పితే బేరింగు ఇంకా గరగరమంటోంది. క్రాంకును మళ్ళీ ముక్కలుగా విడదీసి, బేరింగు బయటికి తీసి కడగాలి. దానికి ఇనుమును నొక్కే పెద్ద ప్రెస్సు కావాలి. ప్రెస్సు ఉన్న లేత్ షాపు భాయి ఇంట్లో నిక్కా. షాపుకు తాళం. నిక్కా రోజున మనిషిని పనికి పిలవడం నాకు చేతకాదు. ఆగాను. అదే సమయానికి వాన పట్టుకుంది.

తమ్ముడు రావడం మానేశాడు. టీ బంకువాళ్ళు, పీడ పోయిందన్నారు. నాకు మాత్రం మనసులో కీడు తోచింది. వాడు నంద్యాలలో లేకపోతే చేనిలో ఉన్నట్టే.

పెద్దాయన భార్య ఫోన్ చేసింది. ఆయన ఉండలేక కర్ర పట్టుకుని చేనికి బయలుదేరాడట. దారి సగానికే పెట్టుడు కాలు బురదలో దిగబడి, అది అక్కడే ఉండిపోయి, ఆయన ముందుకు పడ్డాడట. కూలికి పోయేవాళ్ళు చూసి మోసుకొచ్చారట. "ఇంటికొచ్చినకాడ నుంచి ఒగ మాటన్నా మాట్లాడల్యా అప్పా. గోడకల్లా తిరిగి పండుకున్యాడు," అంది. నేను ఫోన్ పెట్టేసి, ఏం చేయాలో తోచక, శుభ్రంగా ఉన్న పానాలన్నీ మళ్ళీ తుడిచాను. ఏడుపు వస్తే నేను చేసే పని అదే.

భాయి షాపు తెరవగానే గడపలో నేనే ఉన్నాను. క్రాంకు విడదీశాం, బేరింగు కడిగాం, మళ్ళీ నొక్కి కూర్చాం. డయల్ గేజ్ మీద మళ్ళీ మొదటి నుంచి సరిచేశాను. సోడాల మధ్యన ఐసు పెట్టెలో పెట్టాను. చిప్పను మా ఇంటి దోసె పెనం మీద కాల్చాను. నీటిచుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోయే వేడి రాగానే క్రాంకు కొసలను మోసే బేరింగులు వాటంతట అవే కూర్చున్నాయి. ఐసులో నుంచి తీసిన క్రాంకు టక్కుమని ఒక్క చప్పుడుతో దిగింది. ఆ చప్పుడు విన్నప్పుడు కలిగే సుఖం తెలియనివాళ్ళతో నాకు మాటలు లేవు. రెండో చిప్ప మూశాను. పళ్ళెం, కొత్త పిస్టను, సిలిండరు, హెడ్డు. పిస్టను నెత్తిన మెత్తటి టంకం తీగ ముక్క పెట్టి చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన తీగ మందం కొలిచాను. పిస్టనుకూ హెడ్డుకూ మధ్య ఎంత సందు ఉండాలో అంతే ఉంది.

ఇంజనును నేనే ట్రాలీ ఆటోలో వేసుకుని పల్లెకు వెళ్ళాను. మధ్యలో ఇంకెవరి చెయ్యీ పడనివ్వదలచుకోలేదు. వాన తెరిపి ఇచ్చింది. పెద్దాయన పంచలో మంచం మీద కూర్చుని, నేను బండికి ఇంజను ఎక్కిస్తుంటే ఒక్క మాట మాట్లాడకుండా చూశాడు. ఆయన భార్య దూరంగా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. అంతా అయ్యాక, "ఇప్పుడు పెట్టొచ్చునా?" అని అడిగింది. ట్యాంకు మీద ఎంతైనా పెట్టుకోమన్నాను. ఒక్క బొట్టు పెట్టింది.

రెండో కిక్కుకు అందుకుంది. పెద్దాయన తల ఎత్తాడు. వేడెక్కనిచ్చి ఆపాను, చల్లారాక మళ్ళీ తిప్పాను. పొద్దు తిరిగేదాకా అదే పని చేశాను. ఆ తర్వాత ఆయన్ను బండి ఎక్కించాను.

"కొత్త పిస్టను అన్నా. అలవాటు పడేదాకా ఉరికించాకు. వేడెక్కితే పట్టేస్తాది. ఇంక నా చేతిలో ఏమీ ఉండదు."

"ఉరకడానికి కాదులేప్పా," అన్నాడు. చాలా రోజులకు విన్న మాట అది.

ఆయన ముందు మెల్లగా, వెనక నేనూ ఆయన భార్యా నడుచుకుంటూ చేనికి పోయాం. నేను మోకాలి దాకా బురదలో దిగి లేస్తుంటే కప్ప మాత్రం ఏమీ పట్టనట్టు పోతోంది. చేను దగ్గరికి రాగానే ఆగింది.

గట్టు పాతచోట లేదు. అక్కడ గరిక వేళ్ళు తెగిన చార ఒకటి పొడుగ్గా కనిపిస్తోంది. కొత్త గట్టు, ఇంకా పార గుర్తులు ఆరని తడిమన్నుతో, పెద్దాయన చేనిలోకి బాగా లోపలికి వచ్చి కూర్చుంది. ఈసారి రెండు సాళ్ళతో సరిపెట్టుకోలేదు. అవతల విత్తే గొర్రు తగిలించిన ట్రాక్టరు, పదును ఎప్పుడు వస్తుందా అని ఆగి ఉంది. పక్కన, విత్తేముందు మన్ను గుల్లచేసే గుంటక పడి ఉంది. తమ్ముడు, వాడి ఇద్దరు మనుషులు గట్టు మీద కూర్చుని బీడీలు తాగుతున్నారు. మమ్మల్ని చూసి తమ్ముడు లేచాడు.

"అన్నా! బండి అయిపోయెనా? మంచిదాయె. చూడు, వానకు గట్టు కొట్టకపోయింది. నీకు కష్టమని నేనే ఏయిస్తి."

రెండు చేల మీదా పడే వాన, ప్రతిసారీ అన్న వైపుకే గట్టును మోసుకొస్తుందట. అబద్ధం చెప్పడానికి కూడా ఒళ్ళు వంచని మనిషి. పోయినసారి చెప్పిన మాటే మళ్ళీ చెప్పాడు.

పెద్దాయన నా వైపు తిరిగి, "ఆ గుంటక దీనికి కట్టప్పా," అన్నాడు.

"అన్నా, కొత్త ఇంజను. బరువు లాగితే..."

"పోతే పోనీ. కట్టు."

కట్టాను. గుంటక గొలుసును బండి వెనక కొక్కేనికి తగిలించాను. గుంటక తేలిపోకుండా మన్నులోకి దిగాలంటే మీద బరువు ఉండాలి. నేను ఎక్కబోయాను. అప్పటికే ఆయన భార్య చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని దాని మీద ఎక్కి నిలబడింది. మరిది వైపు చూడనైనా చూడలేదు. మొగుడి సీటు వెనక కడ్డీకి కట్టిన తాడు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

ఆయన మొదటి గేరు వేశాడు. పవరు పవరు అని వాగేవాళ్ళకు తెలియని సంగతి ఒకటి ఉంది. పొడవు పెంచిన క్రాంకు గొప్పతనం పరుగులో లేదు. ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు కూడా బరువును వదలకుండా లాగుతుంది. పాత క్రాంకు అయితే ఆ బురదలో, ఆ బరువుతో, గురగురమని ఆగిపోయి ఉండేది. ఇది ఆగలేదు. తక్కువ చప్పుడుతో, ఒక్కో అడుగు, కొత్త గట్టు మొదలు మీదికి ఎక్కింది. వెనక గుంటక దిగి తడిమన్నును అటూ ఇటూ విరిచేసింది. నేను చెవులు ఇంజనుకే అప్పగించి పక్కన నడుస్తున్నాను. టకటక లేదు.

తమ్ముడి మనుషులిద్దరూ బీడీలు పారేసి ట్రాక్టరు చాటుకు పోయారు. తమ్ముడు గట్టు మీదే, బండికి ఎదురుగా, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"ఆపన్నా! ఏందిది? నలుగురూ ఏమనుకుంటారు? పెద్దమనుషుల్ని పిలుద్దాం, కూచొని మాట్లాడుకుందాం. ఆపు!"

బండి ఆగలేదు, వేగమూ పెంచలేదు. ముందు చక్రాలు వాడి చెప్పులకు జానెడు దూరంలోకి వచ్చాయి. అప్పుడు పెద్దాయన మాట్లాడాడు. అరవలేదు, పొలంలో ఎద్దుతో మాట్లాడినట్టు మామూలుగా అన్నాడు.

"నాకు ఒగ కాలే ఉంది. నీకు రెండూ ఉండాయి గదా. పక్కకు జరుగు."

వాడు జరిగాడు.